మందుల లెక్కల్లో రోగి మాటకి చోటెక్కడ?

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని అడ్డుకునే టీకా అది. అమెరికాకి చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన అధ్యయనం. టీకాని ప్రభుత్వ కార్యక్రమంలో పెడితే ఎలా నడుస్తుంది, పిల్లల్ని ఎలా చేరుకోవాలి అన్నవి తేల్చుకోవడం దాని ఉద్దేశం. అంటే ఇది అచ్చంగా మందుల విధానం కోసం చేసిన పరిశోధన.

పిల్లల్లో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. కొందరు చనిపోయారన్న వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. ఆ మరణాలకి టీకానే కారణమని విచారణలో తేలలేదు. కానీ వేరే సంగతి బయటపడింది. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద సంతకాలు పెట్టింది హాస్టల్ వార్డెన్లు. టీకా ఎవరికి వేశారో వాళ్ల అమ్మానాన్నలు అక్కడ లేరు.

అప్పట్నుంచీ ఖమ్మం ప్రస్తావన ఎప్పుడొచ్చినా చర్చ ఆ సంతకాల చుట్టూనే తిరుగుతుంది. తిరగాల్సిందే. అయితే ఆ తల్లులందరి చేతా పద్ధతిగా సంతకం పెట్టించి ఉంటే సరిపోయేదా? సూది వేసిన రాత్రి హాస్టల్లో పిల్లకి జ్వరం వస్తే ఎవరికి చెప్పాలి, వార్డెన్ సెలవులో ఉంటే ఎవరు చూస్తారు, ఊరికి కబురెలా పంపుతారు? తల్లిని ముందే కూర్చోబెట్టి అడిగితే ఆవిడ నోటి నుంచి వచ్చే మొదటి ప్రశ్నలు ఇవే. టీకా తర్వాత వచ్చే ఇబ్బందుల్ని కనిపెట్టి నమోదు చేసే ఏర్పాటు సరిగ్గా లేదని స్థాయీ సంఘం కూడా తప్పు పట్టింది. అంగీకార పత్రం ఇచ్చే వేళకి అధ్యయనం రూపం ఖరారైపోయి ఉంటుంది. అప్పుడు రోగికి మిగిలేది ఔననడమో కాదనడమో. ప్రశ్న తయారయ్యే చోట తనకి కుర్చీ ఉండదు.

నష్టపోయింది పిల్లల కుటుంబాలే కాదు, టీకా కూడా. ప్రపంచంలో ఎన్నో దేశాలు వాడుతున్న మంచి టీకా అది. ఆ గొడవ తర్వాత దశాబ్దం గడిచినా మన జాతీయ టీకాల పట్టికలోకి ఎక్కలేదు. దానికి ఖమ్మం ఒక్కటే కారణం కాదు గానీ, అక్కడ పోయిన నమ్మకం మాత్రం మళ్లీ తేలిగ్గా రాలేదు.

ఏ నిర్ణయం, ఎవరి పాత్ర

మందుల విధానం అనగానే ఢిల్లీలో ఎవరో రాసే పెద్ద పత్రం గుర్తొస్తుంది. నిజానికి అది రోజూ మన మీద పడే చిన్న నిర్ణయాల మూట. ఏ మందుని దేశంలో అమ్మనివ్వాలి, ప్రభుత్వ ఆస్పత్రి కౌంటర్లో ఏది ఉచితంగా దొరకాలి, ఆరోగ్యశ్రీ దేనికి డబ్బు కట్టాలి, ఏ మందు ధరకి పరిమితి పెట్టాలి, టీబీకి ఏ మాత్రలు ఎన్ని నెలలు వాడాలి. ఇలాంటి ప్రతి నిర్ణయం వెనకా ఏదో ఒక పరిశోధన ఉంటుంది, కనీసం ఉండాలి. ఆ పరిశోధనలో రోగికి మూడు రకాల పాత్రలు ఉండొచ్చు. ట్రయల్‌లో చేరి మందు వేయించుకోవడం మొదటిది. పరిశోధన అయిపోయాక ఫలితాలు చెప్పే సభలో కూర్చుని వినడం రెండోది. ఏది పరిశోధించాలి, ఏది కొలవాలి, వచ్చిన ఫలితాన్ని ఎలా తూచాలి అన్న చోట పరిశోధకుల పక్కన కూర్చోవడం మూడోది. బ్రిటన్‌లో ప్రభుత్వ నిధులతో నడిచే వైద్య పరిశోధనలో దీనికోసం 1996లోనే ప్రత్యేకంగా సంస్థ పెట్టారు. ప్రజల మీదో, ప్రజల గురించో, ప్రజల కోసమో కాకుండా, ప్రజలతో కలిసి చేసే లేదా ప్రజలే చేసే పరిశోధన కావాలన్నది అక్కడి నిర్వచనం.

మొదటి పాత్ర మనవాళ్లకి కొత్త కాదు. హైదరాబాద్ మందుల కంపెనీల ఊరు. జెనరిక్ మందు అసలు మందులాగే ఒంట్లో పనిచేస్తోందా లేదా అని చూసే పరీక్షలకి మనుషులు కావాలి, ఆ మనుషులు ఎక్కువగా డబ్బు అవసరమున్న ఇళ్లనుంచే వస్తారు. 2011లో పిడుగురాళ్ల నుంచి ఆడవాళ్లు హైదరాబాద్ వచ్చి క్యాన్సర్ మందు పరీక్షల్లో పాల్గొన్నారనీ, జబ్బు పడ్డారనీ బయటికొచ్చి పెద్ద దుమారమే రేగింది. అలాంటి పరీక్షలో పాల్గొన్నామె పరిశోధనలో పాల్గొన్నట్టే లెక్క. కానీ ఆమె మాటకి అందులో విలువేమీ లేదు. మూడో పాత్ర సంగతే ఈ వ్యాసం.

చెవులు పోయినా ‘నయమైంది’

మాట ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఏమిటో మందులకి లొంగని టీబీ కథలో బాగా కనిపిస్తుంది. మామూలు టీబీ మందులు పనిచేయనప్పుడు చాలా ఏళ్లపాటు ఇచ్చింది కనమైసిన్ లాంటి సూదిమందులు. నెలల తరబడి, దాదాపు రోజూ పిరుదు మీద పొడిచే సూది. క్రిముల్ని చంపుతుంది, దాంతోపాటు చెవి లోపలి సున్నితమైన కణాల్నీ చంపుతుంది. మొదట చెవుల్లో హోరు, తర్వాత గొంతులు దూరమవడం, చివరికి పూర్తి నిశ్శబ్దం. ఒకసారి పోయిన వినికిడి మందు ఆపినా తిరిగి రాదు.

ఇప్పుడు ఈ మనిషి పరిశోధన కాగితం మీద ఎలా కనిపిస్తాడో చూడండి. కళ్లె పరీక్షలో క్రిమి లేదు, కాబట్టి ‘నయమైంది’ గడిలో టిక్కు పడుతుంది. చెవుడు ఎక్కడో వెనక పేజీలో ‘దుష్ప్రభావాలు’ పట్టికలో ఒక వరస. విధానం రాసేవాళ్లు ముందు చూసేది మొదటి గడినే. ఉద్యోగం పోయిందనో, పెళ్లి సంబంధం తప్పిపోయిందనో రాసుకోవడానికి అక్కడ గడే లేదు.

దక్షిణాఫ్రికాలో ఫుమెజా టిసిలే, ముంబైలో నందితా వెంకటేశన్ ఇద్దరూ ఇలా టీబీ నుంచి బయటపడి వినికిడి పోగొట్టుకున్నవాళ్లే. ఇద్దరూ బహిరంగంగా మాట్లాడటం మొదలుపెట్టారు. వాళ్లలాంటి రోగుల సంఘాలన్నీ అడిగింది ఒకటే: సూదులు ఆపండి, నోటితో వేసుకునే మందులివ్వండి. బెడాక్విలిన్ మాత్ర అప్పటికే ఉంది. అమెరికాలో 2012 చివర్లో దానికి అనుమతి వచ్చింది. మన దేశంలో 2016లో ఆరు కేంద్రాల్లో, లెక్కపెట్టినట్టు కొద్దిమందికే ఇవ్వడం మొదలైంది. 2018లో దక్షిణాఫ్రికా సూదుల బదులు ఈ మాత్ర ఇస్తామని ప్రకటించింది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా నోటి మందులకే పెద్దపీట వేసి, కనమైసిన్‌ని సిఫార్సుల్లోంచి తప్పించింది. సమాచారాన్ని విశ్లేషించింది శాస్త్రవేత్తలే, అందులో సందేహం లేదు. కానీ చెవుడుని వెనక పేజీ పట్టికలోంచి పీకి బల్ల మధ్యలో పెట్టింది రోగులు.

తర్వాత ధర వంతు. బెడాక్విలిన్ మీద జాన్సన్ అండ్ జాన్సన్ మూల పేటెంట్ 2023 జులైతో ముగిసింది. దాని ఒక లవణ రూపం మీద మరో పేటెంట్ అడిగారు, వచ్చి ఉంటే గుత్తాధిపత్యం 2027 దాకా సాగేది. నందిత, ఫుమెజా ఇద్దరూ 2019లో భారత పేటెంట్ కార్యాలయంలో అభ్యంతరం దాఖలు చేశారు. 2023 మార్చిలో ఆ దరఖాస్తుని తిరస్కరించారు. మందు మింగాల్సిన మనిషే పేటెంట్ లాయర్ల ఎదురుగా వాదనకి దిగిన సందర్భాలు ప్రపంచంలో ఎక్కువ లేవు.

లెక్కలోనే చెవి లేదు

కొంచెం సాంకేతికంగా ఉన్నా ఇక్కడో సంగతి చెప్పాలి. ఎందుకంటే ప్రజల మాట విధానంలోకి వెళ్లే దారుల్లో ఎవరికీ కనపడనిది ఇదే. ఒక మందుకి ప్రభుత్వం డబ్బు పెట్టడం తగునా అని చూసే పరిశోధనని హెల్త్ టెక్నాలజీ అసెస్‌మెంట్ అంటారు. మన దగ్గర కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం కింద 2017లో దీనికోసం ఒక వ్యవస్థ పెట్టారు. మందు వల్ల రోగికి ఎన్నేళ్లు పెరిగాయి, ఆ ఏళ్లు ఎంత బాగా గడిచాయి అన్నవి కలిపి ఒక అంకె చేస్తారు. ఎంత బాగా అన్నది ఎలా తెలుస్తుంది? ఎక్కువగా వాడే ప్రశ్నావళి ఐదే అడుగుతుంది: నడవగలుగుతున్నారా, స్నానం, బట్టలు వేసుకోవడం సొంతంగా చేసుకోగలుగుతున్నారా, రోజువారీ పనులు సాగుతున్నాయా, నొప్పి ఉందా, దిగులూ ఆందోళనా ఉన్నాయా.

జవాబులకి మార్కులు వేసేది సామాన్య జనమే. ‘ఇలాంటి నొప్పితో పదేళ్లు బతకడం, పూర్తి ఆరోగ్యంతో తక్కువ ఏళ్లు బతకడం, రెండిట్లో ఏది ఎంచుకుంటారు? ఎన్నేళ్ల దగ్గర మీకు రెండూ సమానమనిపిస్తాయి?’ అని ఇంటికెళ్లి అడుగుతారు. భారతదేశం కోసం వేసిన మార్కుల పట్టిక 2022లో వచ్చింది. దానికోసం 3,548 మందిని ఇలా అడిగారు. అంతకుముందు మన అధ్యయనాలు వేరే దేశాలవాళ్లు వేసిన మార్కుల్ని అరువు తెచ్చుకునేవి. కాబట్టి ఇది మంచి ముందడుగే.

కానీ ఆ ఐదు ప్రశ్నలు మళ్లీ చదవండి. వినికిడి గురించి ఒక్కటీ లేదు. కనమైసిన్ వల్ల చెవుడు వచ్చినామె లేచి నడుస్తుంది, స్నానం చేస్తుంది, ఒంట్లో నొప్పి లేదంటుంది. చెవుడు ఏ కాస్తో దిగులు ప్రశ్నలోంచి దొంగచాటుగా లోపలికి రావాలి. వేలమందిని అడిగి మార్కులు వేయించుకున్నా, ప్రశ్నల జాబితా ముందే వేరేచోట తయారై ఉంటే ఇంతే. జనం మాట అంకెగా లోపలికి వెళ్తుంది, అభ్యంతరంగా వెళ్లదు. అంకెలకి నేను వ్యతిరేకం కాదు. ఉన్న డబ్బుతో ఎవరికి వైద్యం చేయాలో తేల్చాలంటే అవి కావాల్సిందే. గడుల పేర్లు ఎవరు పెట్టారన్నదే నా అనుమానం.

గడుల పేర్లు మార్చవచ్చని కీళ్లవాతం రోగులు నిరూపించారు. ఆ జబ్బు మందుల్ని పరీక్షించేటప్పుడు డాక్టర్లు వాచిన కీళ్లు లెక్కపెడతారు, నొప్పి అడుగుతారు, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్ఆర్ రక్తపరీక్ష చూస్తారు. ఏది కొలవాలో నిర్ణయించే అంతర్జాతీయ సమావేశం 2002లో ఆస్ట్రేలియాలో జరిగినప్పుడు మొదటిసారి రోగుల్నీ పిలిచారు. వాళ్లు ముందు ఎత్తుకున్న మాట నొప్పి కాదు, నీరసం. పొద్దున లేవగానే ఒంట్లో సత్తువంతా ఎవరో తోడేసినట్టుండే అలసట, నిద్రపోయినా తీరనిది. ఎన్నో ఏళ్లుగా వాళ్లకి వైద్యం చేస్తున్న నిపుణుల కొలతల పట్టికలో అది లేదు. 2006 నాటికి ట్రయల్స్‌లో నీరసాన్నీ కొలవాలని ఒప్పుకున్నారు. నాలుగేళ్లు పట్టింది గానీ పట్టిక మారింది.

ప్రశ్న ఎంచుకునే దగ్గరా ఇదే తేడా. మోకాళ్ల అరుగుదల మీద జరిగిన ట్రయల్స్‌ని బ్రిటన్ పరిశోధకులు 2000లో లెక్క తీస్తే, నూటికి 80కి పైగా మందుల గురించే. ఏ పరిశోధన ఇంకా జరగాలని కోరుకుంటున్నారని రోగుల్ని అడిగితే మందులన్నవాళ్లు నూటికి తొమ్మిది మందే. మిగతావాళ్లు వ్యాయామం, ఆపరేషన్, జబ్బుతో నెట్టుకురావడం ఎలాగో చెప్పే సమాచారం లాంటివి అడిగారు. మందుకి స్పాన్సర్ దొరుకుతాడు, మోకాలికి చేసే కసరత్తుకి ఎవరు దొరుకుతారు?

రోగులందరిదీ ఒకే గొంతు కాదు

పరిశోధన బల్ల దగ్గర రోగులకీ కుర్చీ అడిగే ఉద్యమానికి మూలం ఎయిడ్స్ కాలంలో ఉంది. 1983లో డెన్వర్‌లో ఎయిడ్స్ రోగులు కొందరు కలిసి తమ గురించి నిర్ణయాలు తీసుకునే ప్రతి చోటా తామూ ఉండాలని ప్రకటించారు. 1988 అక్టోబరు 11న ఎయిడ్స్ కార్యకర్తలు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ భవనాన్ని ముట్టడించారు. అరుపులతో ఆగలేదు. వైరాలజీ చదివారు, ట్రయల్ పత్రాలు చదివారు, 1989లో మాంట్రియల్ సదస్సుకి తమ సొంత పరిశోధన ప్రణాళిక రాసుకుని తీసుకెళ్లారు. తర్వాత శాస్త్రవేత్తల కమిటీల్లోనే వాళ్లకి సీట్లు వచ్చాయి.

కథని ఇక్కడే ఆపితే బాగుంటుంది గానీ, అసలు పాఠం తర్వాత ఉంది. 1994లో సక్వినవిర్ అనే కొత్త మందుకి త్వరగా అనుమతి ఇవ్వాలా అన్న చర్చ వచ్చింది. అప్పటిదాకా తొందరగా ఇవ్వండని పోరాడినవాళ్లలోంచే ట్రీట్‌మెంట్ యాక్షన్ గ్రూప్ అడ్డం తిరిగింది. పెద్ద ట్రయల్ చేసి నిజంగా ప్రాణాలు కాపాడుతుందో లేదో చూశాకే ఇవ్వమంది. మిగతా కార్యకర్తలు మండిపడ్డారు, మాకంత టైమ్ లేదన్నారు. ఎవరు అసలు రోగి ప్రతినిధులు? ఇద్దరూనూ. రేపు చనిపోబోయే మనిషికి కావాల్సింది వేరు, పదేళ్ల తర్వాత ఈ జబ్బు పడబోయే మనిషికి కావాల్సింది వేరు. ఒక్కర్ని కూర్చోబెట్టి రోగుల అభిప్రాయం తీసుకున్నాం అనుకునే కమిటీలు ఈ సంగతి మర్చిపోతాయి.

డబ్బు సంగతీ ఉంది. అల్జీమర్స్‌కి అడుకానుమాబ్ అనే మందు విషయంలో 2020 నవంబరులో ఎఫ్‌డీఏ సలహా సంఘం ఆధారాలు చాలవని దాదాపు ఏకగ్రీవంగా చెప్పింది. అమెరికాలో పెద్ద రోగుల సంఘం మాత్రం అనుమతి ఇవ్వాల్సిందేనని గట్టిగా ప్రచారం చేసింది. ఆ సంఘానికి వచ్చే విరాళాల్లో మందుల కంపెనీలవీ ఉన్నాయి. 2021 జూన్‌లో అనుమతి వచ్చింది. ధర మొదట ఏడాదికి 56,000 డాలర్లు. 2024లో కంపెనీయే ఆ మందుని ఆపేసింది. సంఘాన్ని కొనేశారని నేననను. మరుపు జబ్బుతో కళ్లముందే తండ్రి కరిగిపోతుంటే ఏ ఆశైనా పట్టుకోవాలనిపిస్తుంది. అయినా సంఘానికి అద్దె ఎవరు కడుతున్నారు అన్నది కుర్చీ వేసే ముందే అడగాలి.

మామూలు జనాన్ని అడగడంలో ఇంకో లాభముంది. బ్రిటన్‌లో ఏ మందుకి ప్రభుత్వం డబ్బు కట్టాలో చెప్పే నైస్ సంస్థ 2002లో ముప్పైమంది సాధారణ పౌరులతో ఒక మండలి పెట్టింది. వాళ్లని ఫలానా మందు గురించి అడగలేదు, విలువల గురించి అడిగారు. పిల్లవాడి ఏడాదికీ ముసలాయన ఏడాదికీ వేర్వేరు విలువ కట్టొచ్చా అంటే, వద్దన్నారు. డాక్టరూ ఎకనమిస్టూ జవాబు చెప్పలేని ప్రశ్న అది. చెప్పినా వాళ్ల మాటకి మన మాటకంటే ఎక్కువ బరువుండదు.

మన దగ్గర తలుపు కోర్టుది

మన దేశంలో రోగులు నోరు విప్పలేదని ఎవరైనా అంటే తప్పు. చాలా గట్టిగానే విప్పారు, కాకపోతే పరిశోధన బల్ల దగ్గర కాదు. పేటెంట్ ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చని మన పేటెంట్ చట్టం 25వ సెక్షన్ అంటుంది. రోగులు, క్యాన్సర్ సహాయ సంఘాలు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల సంఘాలు ఆ సందులోంచే లోపలికొచ్చారు. రక్త క్యాన్సర్ మందు గ్లివెక్ కేసులో ముంబైలోని క్యాన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్, జెనరిక్ కంపెనీలు ఒకపక్క, నోవార్టిస్ ఒకపక్క నిలబడ్డాయి. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు పేటెంట్ ఇవ్వాలన్న నోవార్టిస్ వాదనని కొట్టేసింది. నెలకి లక్షా ఇరవై వేల రూపాయల మందు, జెనరిక్‌లో ఎనిమిది నుంచి పదివేలకి దొరికేది. అలా దొరకడం ఆగలేదు.

ఈ జెనరిక్ కంపెనీల్లో హైదరాబాద్ నాట్కో ఒకటి. మొన్నటి రిస్డిప్లామ్ గొడవలోనూ ఆ పేరే. ఎస్ఎంఏ అనే అరుదైన కండరాల జబ్బుకి రోష్ కంపెనీ అమ్మే ఆ మందు సీసా ఆరు లక్షల పైచిలుకు. అరుదైన జబ్బుల విధానం కింద కేంద్రం ఒక్కో రోగికి ఇచ్చే సాయం 50 లక్షల దగ్గర ఆగిపోతుంది, మందేమో బతికున్నంత కాలం వాడాలి. ఢిల్లీ హైకోర్టులో రెండు కంపెనీలు కొట్లాడుకుంటుంటే జబ్బున్నవాళ్లు కూడా వచ్చి మా మాట వినమన్నారు. 2025 అక్టోబరులో హైకోర్టు డివిజన్ బెంచి, తర్వాత సుప్రీంకోర్టు, నాట్కో జెనరిక్‌ని ఆపమని రోష్ కోరిన స్టే ఇవ్వలేదు. నాట్కో సీసా ధర 15,900 అని ప్రకటించింది. ఇందులో నాట్కో లాభం చూసుకోదా అంటే, చూసుకుంటుంది. రోగి లాభమూ కంపెనీ లాభమూ కొన్నిసార్లు ఒకే దారిలో నడుస్తాయి, ఎప్పుడూ కాదు.

కోర్టు తలుపుతో వచ్చిన చిక్కేమిటంటే అది చివరన ఉంది. మందు తయారైంది, ట్రయల్ అయిపోయింది, ఏది కొలవాలో కొలిచేశారు. ఇక మిగిలింది ధర, పేటెంట్. అక్కడ రోగి గెలవగలడు, గెలిచాడు కూడా. కానీ చెవుడుని ఎందుకు ముఖ్యమైన ఫలితంగా కొలవలేదు అని జడ్జిని అడగడం కుదరదు. పైగా కోర్టులో మాట ఎప్పుడూ పోట్లాట రూపంలోనే ఉండాలి. ఆ చివరి తలుపు కూడా ఇప్పుడు బిగుస్తోంది. 2024 మార్చిలో పేటెంట్ నియమాలు మార్చి, ఈ ముందస్తు అభ్యంతరాలకి ఫీజు పెట్టారు, విచారణకి అర్హమైనదేనా అని ముందే చూసే అధికారమూ ఇచ్చారు. పనికిమాలిన అభ్యంతరాల్ని ఆపడానికంటారు.

మరి ముందున్న తలుపు? కాగితం మీద ఉంది. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం, ట్రయల్‌కి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురుండాలి, వాళ్లలో కనీసం ఒకరు వైద్యంతో సంబంధం లేని సామాన్యులు అయి ఉండాలి. ఆ ఒక్కరి పరిస్థితి ఆలోచించండి. చుట్టూ డాక్టర్లు, ముందు ట్రయల్ ఎలా చేస్తారో రాసిన దిండంత ప్రొటోకాల్, అంతా ఇంగ్లిష్. ఒక్క మీటింగ్‌లో చాలా ఫైళ్లు. అంగీకార పత్రంలో తెలుగు అర్థమవుతోందా అని అడిగితే చెప్తారు. ఈ ట్రయల్ అసలు ఎందుకు చేస్తున్నారు, దీనికంటే అవసరమైంది లేదా అని ఆయనో ఆమో అడగడానికి ధైర్యం చాలదు. అడిగినా అది ఆ కమిటీ పని కాదు, ప్రశ్న ఎప్పుడో ఖరారైపోయింది.

ఉద్దానంలో మొదలుపెడితే

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతే తీసుకోండి. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్లలో కిడ్నీ జబ్బు ఇంటింటి మాట. ఎన్నో బృందాలు వచ్చాయి, రక్తం తీసుకున్నాయి, బావి నీళ్లు సీసాల్లో నింపుకెళ్లాయి. జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా గట్టిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అంటే పరిశోధన ఇక బయటినుంచి వచ్చి పోయేది కాదు, అక్కడే ఉంటుంది.

బ్రిటన్‌లో జేమ్స్ లిండ్ అలయన్స్ 2004 నుంచీ వాడుతున్న పద్ధతి ఒకటుంది. రోగులు, ఇంట్లో వాళ్లని చూసుకునేవాళ్లు, వైద్యం చేసేవాళ్లు కలిసి జవాబు దొరకని ప్రశ్నలు రాస్తారు. వాటిని వడకట్టి, వాదించుకుని, పది ముఖ్యమైన ప్రశ్నల పట్టిక తేలుస్తారు. కంపెనీలని ఆ గదిలోకి రానివ్వరు. ఉద్దానంలో అదే చేస్తే ఏమొస్తుందో నాకు కొంత ఊహ ఉంది. కొబ్బరి తోటల్లో పనిచేసి ఒళ్లు నొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లో ఏవి కిడ్నీకి ముప్పు, వాటి బదులు ఏం వాడాలి? డయాలసిస్ దాకా వెళ్లకుండా ముందే ఇవ్వగలిగిన మందులు పీహెచ్‌సీలో ఎందుకు ఉండకూడదు? రక్తం పట్టడానికి ఇచ్చే ఇంజక్షన్ ఏ నెల స్టాకుంటుందో, ఏ నెల బయట కొనాలో ముందే ఎవరు చెప్తారు? ఇవి నా ఊహలు, వాళ్ల ప్రశ్నలు వేరే ఉండొచ్చు, అందుకే అడగమంటున్నది.

అడగడానికి కొన్ని పనులు చేయాలి, అవేమీ గొప్పవి కావు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లే మనిషిని డయాలసిస్ రోజు మీటింగ్‌కి పిలవకూడదు. మీటింగ్ విశాఖలో హోటల్లో కాదు, కవిటిలో పెట్టాలి. బస్సు చార్జీ ఒక్కటే ఇస్తే సరిపోదు, ఆ రోజు పోయిన కూలి, తోడొచ్చినవాళ్ల కూలి కూడా కట్టాలి. ప్రొఫెసర్‌కి సిట్టింగ్ ఫీజు ఇచ్చి రోగికి టీ బిస్కెట్లు ఇచ్చే అలవాటు పోవాలి. ఒక్కర్నే పిలిస్తే ఆ ఒక్కరూ నోరు మెదపరు, ముగ్గుర్నో నలుగుర్నో పిలవాలి. వాళ్లలో డయాలసిస్ దాకా రానివాళ్లూ, భర్తని పోగొట్టుకున్న ఆడవాళ్లూ ఉండాలి. ఊళ్లో పెద్దమనిషి చెప్పిన పేర్లతోనే సరిపెట్టుకుంటే మళ్లీ వార్డెన్ సంతకమే అవుతుంది. రక్తం ఇచ్చిన మనిషికి ఫలితం తెలుగులో, చేతికి రావాలి.

ఆ తర్వాత రాయాల్సిన చోట రాయాలి. ఇలాంటి పరిశోధనని ప్రచురించేటప్పుడు రోగుల్ని ఎలా కలుపుకున్నారో, దానివల్ల ఏది మారిందో, ఏది బెడిసికొట్టిందో చెప్పమని 2017లో ఒక అంతర్జాతీయ చెక్‌లిస్టు వచ్చింది. కొన్ని వైద్య పత్రికలు ఆ సంగతి చెప్పే పేరా లేకుండా వ్యాసమే తీసుకోవడం లేదు. చాలాసార్లు అందులో ఉండేది ‘రోగులెవరినీ సంప్రదించలేదు’ అన్న ఒక్క వాక్యమే. అదైనా రాస్తున్నారు కాబట్టి ఎవరు అడిగారో, ఎవరు అడగలేదో ఇప్పుడు లెక్క తీయొచ్చు.